నిప్పు పెట్టిన పట్టాల మీదుగా ఫార్గోకి

అమెరికా వెళ్ళొచ్చానంటే చాలు, ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ నయాగరా చూశారా అని అడుగుతున్నారు. చూడలేదండీ. జనవరిలో పోయినవాళ్ళకి నయాగరా ఎవరు చూపిస్తారు? నేను చూసింది మంచు, ఆ మంచులో ఆగిపోయిన రైలు, ఆ రైల్లో ఇన్సులిన్ లేకుండా చిక్కుకున్న మావారు. వాటి గురించే రాస్తాను. ముందే చెప్పేస్తున్నాను, కంగారు పడకండి. ఆయన క్షేమంగా ఉన్నారు. ఇది రాస్తుంటే పక్కగదిలోంచి, కాఫీ ఎప్పుడిస్తావని రెండుసార్లు కేక కూడా వేశారు.

మావారు స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. గూడూరు, బిట్రగుంట, కావలి, సింగరాయకొండ... ఆ లైన్లో ఆయన పచ్చజెండా ఊపని స్టేషను తక్కువ. నేను రైల్వే బళ్ళో రెండో తరగతి పిల్లలకి ఎక్కాలు, గుణింతాలు చెప్పినదాన్ని. మా చెల్లెలు పద్మ చికాగో దగ్గర అరోరాలో ఉంటుంది. ఏళ్ళ తరబడి రమ్మని పోరితే మొత్తానికి కదిలాం. చలికాలంలో ఎందుకంటారా? విమానం టికెట్లు అప్పుడే చవక.

మా అన్నయ్య కూతురు స్రవంతి ఫార్గోలో ఎమ్మెస్ చదువుతోంది. ఫార్గో నార్త్ డకోటాలో ఉంది, పైన కెనడా. వదిన ఇచ్చిన గోంగూర పచ్చడి ఆ పిల్లకి చేర్చి మూడు రోజులుండి రావాలని మా ఆలోచన. పద్మ ఫ్లైట్ బుక్ చేస్తానంది. మావారు ససేమిరా అన్నారు.

"జన్మంతా రైళ్ళ మధ్య బతికినోణ్ణి. అమెరికా పోయి రైలెక్కకుండా వస్తే మావోళ్ళు నవ్వరా?"

"బావగారూ, ఇక్కడ ట్రైన్స్ టైమ్‌కి రావు. వింటర్‌లో అయితే అసలు గ్యారంటీ లేదు" అంది పద్మ.

"అమెరికాలోనా? ఊరుకోమ్మా!" అని ఆయన పెద్దగా నవ్వారు. ఆ నవ్వు ఎంతసేపు నిలిచిందో మీరే చూస్తారు.

చికాగోలో తగలబడుతున్న పట్టాలు

అరోరా నుంచి చికాగోకి లోకల్ రైలుంది. పద్మ భర్త మురళి మమ్మల్ని దింపడానికి వెంట వచ్చాడు. కిటికీలోంచి చూద్దును కదా, చికాగో ఇంకాస్త దూరం ఉందనగా పట్టాలు మండుతున్నాయి! అటూ ఇటూ మోకాలెత్తు మంచు, మధ్యలో ఇనుప పట్టాల పక్కనే వరసగా మంటలు. నేను కెవ్వుమన్నాను. పెట్టెలో ఎవరూ తల కూడా ఎత్తలేదు.

"ఏం కాదు వదినగారూ, వాళ్ళే పెడతారు" అన్నాడు మురళి. రైలు ఒక లైను మీంచి ఇంకో లైను మీదికి మళ్ళే చోట పట్టా ముక్క ఒకటి పక్కకి జరుగుతుంది. మన రైల్వేలో దాన్ని పాయింట్లంటారు. సందులో మంచు పడి గడ్డకడితే అది జరగదు. అందుకని కింద గ్యాస్ పొయ్యిలాంటిది పెట్టి వెలిగిస్తారట. కొన్ని చోట్ల మటుకు కిరసనాయిలు ముంచిన తాడు పరిచి అగ్గిపుల్ల గీస్తారట.

మావారు కిటికీకి ముక్కు ఆనించేశారు. "చూసినావా? చంద్రమండలానికి పోయినోళ్ళు కూడా పాయింట్ల కాడ కిరసనాయిలు తాడే పెట్టుకోవాల!" అని సంబరపడిపోయారు. పరాయి దేశం మన దేశంలాగే ఉందని తెలిస్తే ఆయనకి ఎక్కడలేని సంతోషం.

చికాగో పెద్ద స్టేషను రాజుగారి కచేరీలా ఉంది. పాలరాయి, ఎత్తైన స్తంభాలు, చెక్క బల్లలు. మా రైలు మాత్రం లేదు. పడమటి నుంచి రావలసిన ఆ బండే ఇంకా రాలేదనీ, వచ్చాక కడిగి, మంచు రాలగొట్టి, రేపు పొద్దున పంపుతామనీ చెప్పారు. మన దగ్గరైతే ఈపాటికి కౌంటరు ముందు యుద్ధం జరిగేది. ఇక్కడ ఒక్క గొంతు లేవలేదు. మూడు డాలర్లు పెట్టి కాఫీ కొనుక్కుంటే మా అంట్లు కడిగిన నీళ్ళు నయమనిపించింది. ఆ రాత్రికి మళ్ళీ అరోరా పోయి, మర్నాడు పొద్దున్నే వచ్చాం.  

విస్కాన్సిన్‌లో ఉక్కపోత

రైలు ఎక్కాక నా పాత అలవాటు బయటపడింది. నేను రెండు పూటలకి కాదు, బోగీ మొత్తానికి వండుకొచ్చాను. పులిహోర, చపాతీలు, పెరుగన్నం, జంతికలు. రైల్లో డైనింగ్ కార్ ఉంటుందక్కా అని పద్మ మొత్తుకుంది. ఉంటే ఉండనీ. మా ఎదుటి సీట్లలో తలకి తెల్ల టోపీలు కట్టుకున్న ఆమిష్ ఆడవాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. వాళ్ళు కార్లెక్కరట, ఇంట్లో కరెంటు పెట్టుకోరట. వాళ్ళూ ఇంటినుంచి బుట్టెడు తిండి తెచ్చుకున్నారు! నేను జంతికలిచ్చాను, వాళ్ళు ఆపిల్ పండుతో చేసిన జాము, రొట్టె ఇచ్చారు. ఒకావిడ జంతికని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని ఏ యంత్రంతో అల్లుతారని అడిగింది.

బయట నీళ్ళు కిందపడేలోపు గడ్డకట్టే చలి. లోపల మాత్రం మే నెల రోహిణి ఎండ. ఆ రెండంతస్తుల బోగీలు మా స్రవంతి కంటే వయసులో పెద్దవట. హీటరు ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. మా పక్క బోగీలో అది పనిచేయక అక్కడివాళ్ళంతా దుప్పట్లు కప్పుకుని మా దాంట్లోకి వచ్చారు. ఈ సంగతులన్నీ చెప్పింది మా బోగీ కండక్టర్ కాల్విన్. ఆరడుగుల నల్లజాతి మనిషి, నెరిసిన మీసం, పెద్ద నవ్వు. మావారు తను కూడా రైల్వే మనిషినని చెప్పగానే, ఆయన చేయి పట్టుకుని ఊపేశాడు.

ఈ ఉక్కలోనే అసలు తప్పు జరిగింది. మావారికి రెండు పూటలా ఇన్సులిన్ పొడవాలి, పొద్దున్నా రాత్రీ భోజనానికి ముందు. మందు వేడికి పాడవుతుంది. మా బిట్రగుంట క్వార్టర్స్‌లో ఫ్రిజ్ లేని రోజుల్లో తడి ఇసకలో కుండ పెట్టి, కుండలో సీసా దాచేవాళ్ళం. వేడి నుంచి మందుని కాపాడటమే మాకు తెలిసిన విద్య. అందుకని ఆయన బోగీ ఉక్క చూసి, నాకొక్క మాటైనా చెప్పకుండా మందుసంచీ తీసుకెళ్ళి, కింది అంతస్తులో తలుపు పక్కన సామాన్లు పెట్టే అరలో చల్లగా ఉంటుందని పెట్టొచ్చారు. ఆ తలుపు సందులోంచి మంచు లోపలికి కొడుతోంది. ఇంకో సీసా పద్మ ఇంట్లో ఫ్రిజ్‌లో భద్రంగా ఉంది.

మిసిసిపీ ఒడ్డున ఆగిపోయాం

సాయంత్రానికి మిసిసిపీ నది పక్కన ఒక చిన్న స్టేషను దాటాక రైలు ఆగింది. నది అని చెబితే నమ్మాలి, అక్కడున్నది తెల్లటి మైదానం. దాని మీద మనుషులు గుడిసెలు వేసుకుని, ఐసుకి బొక్క పెట్టి చేపలు పడుతున్నారు.

ముందు పాయింట్లు బిగుసుకుపోయాయట. హీటరు లేదా అని మావారు అడిగారు.

"ఉంది సార్. పోయిన చలికాలమే చెడిపోయింది. బాగుచేయమని అడుగుతూనే ఉన్నారు. డబ్బుల్లేవంటారు" అన్నాడు కాల్విన్. చేతిలో చీపురు, పార. మన కొట్టుగదిలో ఉండేలాంటి చీపురే! ఇంజను దగ్గరి మనిషీ తనూ దిగిపోయి మంచు ఊడ్చారు, సుత్తితో కొట్టారు. తిరిగొచ్చేసరికి కాల్విన్ మీసం మీద మంచు పేరుకుని ఉంది. నేను ఫ్లాస్కులో కాఫీ ఇస్తే ఒక్క గుక్కలో తాగాడు.

తర్వాత కాల్విన్ మా సీట్ల దగ్గర నిలబడి వైర్‌లెస్‌లో మాట్లాడాడు. అవతల ఎక్కడో ఆఫీసులోంచి ఒకతను, ఏ లైన్లో ఎక్కడిదాకా పోవచ్చో చెప్పాడు. కాల్విన్ ఆ మాటల్నే ఒక్కటీ వదలకుండా తిరిగి అప్పజెప్పాడు. అంకెలైతే ఒక్కొక్కటీ విడదీసి పలికాడు. అవతలివాడు సరే అన్నాకే కదిలాడు.

మావారి కళ్ళు మెరిశాయి. "అదీ! అదీ పద్ధతంటే! మాకూ అంతే. పక్క స్టేషన్ ఫోనులో ఏం చెప్పినా తిరిగి చెప్పాల. వాడు ఔనన్నాకనే బండి ఒదలాల."

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ పద్ధతితో నా ప్రాణం తీశారు ఈ మనిషి. గ్యాస్ అబ్బాయి రేపొస్తాడండీ అంటే, "ఎవరు? ఎప్పుడు? తిరిగి చెప్పు" అంటారు. ఇంజక్షన్ ఇచ్చేముందు కూడా సీసా మీది పేరు, తారీకు, మందు బలం, ఎంత తీశానో పైకి చదవాల్సిందే. చదవకపోతే చొక్కా ఎత్తరు. మా పక్కింటావిడకి ఇదంతా సినిమా. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

రైలు కదిలింది, ఇంకో పాయింట్ల దగ్గర మళ్ళీ ఆగింది. చీకటి పడబోతుండగా ఇన్సులిన్ వేళయింది. మందెక్కడ అంటే కింద ఉండాదన్నారు. తీసుకొచ్చి చూస్తే సీసాలో మందు రాయిలా గడ్డకట్టింది.

"చల్లగా ఉంటాదని పెట్టినానే..." అన్నారు, గొంతు చిన్నది చేసుకుని.

"చల్లగానా? ఇది చల్లదనమా? ఫ్రీజర్‌లో పెట్టకూడదని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు కదండీ! అరలో పెట్టేముందు నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?" అని తిట్టాను. తిట్టి ఏం లాభం? గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఆ పూట మందు లేదు.

డైనింగ్ కార్‌లో సరుకు అయిపోయింది. ఇలాంటి రోజుల కోసమని దాచి ఉంచే అన్నమూ మాంసం కూరా అందరికీ ఊరికే పంచారు. అది గొడ్డుమాంసం. మేం మా పెరుగన్నం తీశాం. మందు లేకుండా అన్నం పెట్టాలంటే భయం, పెట్టకుండా ఉండాలంటే భయం. నాలుగు ముద్దలు పెట్టి ఆపాను. ఆయన ఇంకా కావాలనకుండా తిన్నారు. అంత బుద్ధిగా ఉండటం చూస్తే నాకు ఇంకా భయమేసింది.

మిన్నెసోటా, డార్లీన్ సీసా

తెల్లారేసరికి సెయింట్ పాల్ దాటి పడమటి మిన్నెసోటాలో ఉన్నాం. ఎటు చూసినా తెలుపే. ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. రైలు పక్క లైన్లో నిలబడి ఉంది. గూడ్సు బండి ఒకటి వస్తోందట, దానికి దారివ్వాలి.

"ప్రయాణికుల బండిని ఆపి గూడ్సుని పంపుతారా?" అని మావారు నోరు తెరిచారు.

"పట్టాలు ఆ గూడ్సు కంపెనీవి సార్. మేం అద్దెకున్నవాళ్ళం" అన్నాడు కాల్విన్.

నార్త్ డకోటాలో చమురు పడిందట. నల్లటి ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. మామూలుగా అయితే మావారు అన్నీ లెక్కపెట్టేవారు. ఆ రోజు కాసేపు చూసి కళ్ళు మూసుకున్నారు. అప్పటికే మూడు సీసాల నీళ్ళు తాగారు. మాటిమాటికీ బాత్రూముకి పోవడం, అక్కడ కుళాయి గడ్డకట్టి నీళ్ళు రాకపోవడం. మిషన్‌లో చూస్తే షుగర్ మూడు వందలు దాటింది. చేతిలో పచ్చడి జాడీ, పక్కన మొగుడు, బయట మంచు. నేను దేవుణ్ణి పిలవలేదు, కాల్విన్‌ని పిలిచాను.

అతను ఆసుపత్రికి ఫోను చేశాడు. రోడ్లు మూసేశారు, అంబులెన్సు రావడానికి లేదు. ఆసుపత్రి నర్సు లైన్లోకి వచ్చి నాతో మాట్లాడింది. రైల్లో ఎవరి దగ్గరైనా సరిగ్గా అదే రకం ఇన్సులిన్, వాడని సీసా దొరికితే, రోజూ తీసుకునే యూనిట్లే ఇవ్వమంది. అంతలో సిగ్నల్ పోయింది. కాల్విన్ మైకులో అడిగాడు. రెండు బోగీల అవతలినుంచి డార్లీన్ అనే ఆవిడ వచ్చింది. నా వయసుంటుంది. పొద్దుతిరుగుడు పంట వేసే రైతు. అందరినీ హనీ అంటుంది, మావారిని కూడా.

"నాదీ అదే మందు హనీ. కొత్త సీసా, ఇంకా మూత తీయలేదు. మందుని నేను లోపలి చొక్కా జేబులో పెట్టుకుంటాను. ఇక్కడ చలి నుంచి కాపాడాలి" అంది.

పేరు చూశాను, అదే రకం. నా ప్రాణం లేచొచ్చింది. నా దగ్గర ఇండియా నుంచి తెచ్చిన సిరంజీలున్నాయి. సూది గుచ్చి, రోజూ తీసే ఇరవై గీత దాకా మందు తీశాను. ఆయన చొక్కా ఎత్తలేదు.

"చదువు" అన్నారు నీరసంగా.

"ఇప్పుడు కూడానా! పేరు చూశాను కదండీ, కానివ్వండి."

"చదవందే వద్దు."

పళ్ళు నూరుకుంటూ సీసా ఎత్తి పైకి చదివాను. పేరు చదివాను. తారీకు చదివాను. బలం దగ్గర, అలవాటుకొద్దీ నలభై అనబోయాను. అక్కడ వంద అని ఉంది.

నా చేయి ఆగిపోయింది. మన సీసాల మీద నలభై అని ఉంటుంది. అంటే ఒక మిల్లీలీటరులో నలభై యూనిట్ల మందు. ఆ సీసాలో అదే మిల్లీలీటరులో వంద. నా సిరంజి మీది గీతలు నలభై మందుకి గీసినవి. వంద మందుని ఇరవై గీత దాకా తీస్తే అది ఇరవై యూనిట్లు కాదు, యాభై. రెండో తరగతి పిల్లల చేత గుణకారాలు చేయించినదాన్ని, ఈ లెక్క నాకు ఒక్క క్షణంలో తెలిసింది. యాభై యూనిట్లు లోపలికి పోయి ఉంటే షుగర్ పాతాళానికి పడిపోయేది. ఆయన కళ్ళు మూతలు పడేవి. పాపం రాత్రంతా నిద్రలేదు, పడుకోనీలే అని నేనే దుప్పటి కప్పేదాన్ని.

"ఏందే, ఆగిపోయినావు?"

"వంద అని ఉందండీ" అన్నాను. 

డార్లీన్‌కి నా సిరంజి చూపించాను. ఆవిడ గీతలు చూసి, గుండె మీద చేయి వేసుకుని, తన పెట్టెలోంచి సిరంజి తీసిచ్చింది. సన్నగా ఉంది, దాని మీద వంద అని రాసి ఉంది. మొదటి సిరంజిలో మందు పారబోశాను. రెండోదాంట్లో ఇరవై తీశాను. ఈసారి ఆయన అడక్కుండానే అన్నీ చదివాను. డార్లీన్ తన కళ్ళతో చూసి ఇరవై అంది. పక్కనే ఉన్న కాల్విన్ వంగి చూసి ఇరవై అన్నాడు. అప్పుడు మావారు చొక్కా ఎత్తారు.

చపాతీ తినిపించి, గంటకోసారి వేలు గుచ్చి చూస్తూ కూర్చున్నాను. అంకె మెల్లగా దిగుతోంది. మిగిలిన పులిహోరంతా డార్లీన్ చేతిలో పెట్టాను. కారం తగిలి ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆపకుండా తింది. "మా ఆవిడ పట్టుకునింది, లేకపోతే నా పని అయిపోయుండేది" అని మావారు కాల్విన్‌తో చెబుతున్నారు. చదవమని మొండికేసింది తనేనన్న మాట ఎక్కడా రానివ్వలేదు.

ఫార్గో

మధ్యాహ్నం దాటాక ఫార్గోలో దిగాం. మామూలుగా అయితే ముందురోజు తెల్లవారకముందే చేరాల్సింది. ప్లాట్‌ఫారం మీద గాలి ముఖాన చెంపదెబ్బ కొట్టినట్టు తగిలింది. మావారు కాల్విన్‌కి సెల్యూట్ చేశారు, కాల్విన్ తిరిగి చేశాడు. బండి కదిలేముందు అతను చక్రాల మధ్య వేలాడుతున్న మంచుగడ్డల్ని పారతో కొట్టడం మొదలుపెట్టాడు. ఆ బండి ఇంకా పసిఫిక్ సముద్రం దాకా పోవాలట. నన్నడిగితే, ఆ రైలు నడుస్తున్నది డబ్బుతో కాదు, అలాంటి నలుగురి ఓపికతో. ఆ నలుగురికీ మంచి చీపుళ్ళయినా కొనిస్తే బాగుండును.

స్రవంతి పరుగెత్తుకొచ్చి మమ్మల్ని వాటేసుకుంది. "అత్తా! ట్రైన్ స్టేటస్ చూసీ చూసీ నాకు మెంటలెక్కింది తెలుసా? రిటర్న్‌కి ఫ్లైట్ బుక్ చేసేశా. మామయ్యా, నో ఆర్గ్యుమెంట్స్."

మావారు సరేనని తలూపారు. స్రవంతి మమ్మల్ని తిన్నగా క్లినిక్‌కి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చూసి, ప్రమాదం ఏమీ లేదని చెప్పి, కొత్త మందూ దానికి సరిపడే సిరంజీలూ రాసిచ్చింది. షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఉన్నట్టుండి ఆకలేస్తుంది, కనిపెట్టుకుని ఉండమని నాకు మరీ మరీ చెప్పింది.

స్రవంతి ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి ఉంటోంది. గది నిండా చెప్పులు, పుస్తకాలు, ఆరేసిన బట్టలు. పచ్చడి జాడీ మూత తీయగానే నలుగురు పిల్లలూ చుట్టూ మూగారు. నేను కుక్కర్‌లో అన్నం పెట్టి వచ్చి, సోఫాలో ఆయన పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా రాని ఏడుపు రాబోయింది. పిల్లల ముందు ఎందుకని మింగేశాను.

"ఆకలేస్తాండాదే" అన్నారు మావారు.

డాక్టరమ్మ చెప్పిన ఆకలి ఇదేననుకున్నాను. నుదురు తడిమాను, చెమట లేదు. చేతులు పట్టుకున్నాను, వణుకుతున్నవి నావే. స్రవంతి పరుగున మిషన్ తెచ్చింది. వేలు గుచ్చాను. 

నూట నలభై.

"ఏమీ లేదత్తా, నార్మల్!" అంది స్రవంతి.

"ఏముంటాది? రెండు రోజులనించీ ముద్దలు లెక్కపెట్టి పెడతాండావు" అన్నారాయన కోపంగా.

ఉత్త ఆకలి. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చేసింది. పిల్లలు చూస్తున్నా ఆపుకోలేదు. కళ్ళు తుడుచుకుని, కొత్త సీసా చదివి ఇంజక్షన్ ఇచ్చి, వేడన్నంలో గోంగూర కలిపి ఆయన ముందు పెట్టాను. ఈసారి ముద్దలు లెక్కపెట్టలేదు.